మూగజీవుల ఋణము

మన సంఘమువారు ఈ సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు నాకు కొంత సంకోచము కలిగినమాట నిజము. 1936లో గంజాము జిల్లా మద్రాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరిననాటినుండి మన తెలుగు కుటుంబములు పడిన పాట్లను గూర్చియు, నిలుపుకొనిన పండుగలను గూర్చియు, గుడులను గూర్చియు వ్రాయగల పెద్దలు బరంపురమున చాలమంది కలరు. నేను వైద్యకళాశాలలో ముప్పదియేండ్లు శరీరధర్మశాస్త్రము బోధించి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. నాకు తెలిసినది గుండె నడక యొక్కటే.

అయినను మన ఉగాది సభలో ముందువరుసను ఒకసారి పరికింపుడు. అక్కడ కూర్చుండు పెద్దలలో ఒకరిద్దరికైనను మెడయెముక క్రింద, చొక్కా మాటున, అగ్గిపెట్టెకన్న చిన్నదైన ఎత్తు ఒకటి ఉండును. అది పేస్‌మేకర్. దాని వెలయెంతో, దానిని అమర్చిన వైద్యుడెవరో, బ్యాటరీ ఎన్నాళ్లు వచ్చునో ఆ ఇంటివారందరికిని తెలియును. అది మనిషి ఒంటికి చేరకముందు ఏయే ప్రాణుల ఒంటిమీదుగా నడచివచ్చినదో తెలిసినవారు అరుదు. సంస్కృతిని గూర్చిన సంచికలో ఈ ప్రస్తావన యేల యని కొందరు అడుగవచ్చును. ఋణమును గుర్తుంచుకొనుటకన్న పెద్ద సంస్కృతి మనకు వేరే యున్నదా?

ముందుగా గుండె నడకను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. గుండె మెదడు ఆజ్ఞకొఱకు కాచుకొని యుండదు. మెదడునుండి వచ్చు నరములు దాని వేగమును పెంచగలవు, తగ్గించగలవు. కాని కొట్టుకొనుమను ఆజ్ఞ గుండెలోనే పుట్టును. కుడి కర్ణిక పైభాగమున సిరాకర్ణికా కణుపు అను చిన్న ముద్ద కలదు. మనము ఊరక కూర్చుండినప్పుడు అది నిమిషమునకు ఇంచుమించు 70 పర్యాయములు ఒక విద్యుత్సంకేతమును పుట్టించును. ఆ సంకేతము కర్ణికలలో వ్యాపించి, కర్ణికలకును జఠరికలకును నడుమనున్న రెండవ కణుపును చేరి, అచ్చట లిప్తపాటు ఆగి, హిస్ కట్ట అను సన్నని దారిగుండ దిగి, కుడియెడమల శాఖలుగ చీలి, తుదకు పుర్కింజె తంతువులద్వారా జఠరికల కండరమంతటికిని అందును.

మన భజనగోష్ఠిలో ఒకరు ఎత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. ఎత్తుకొనువాని గొంతు వెనుకవారికి వినబడనిచో, వారిలో నొకడు తన శక్తికొలది నెమ్మదిగా ఎత్తుకొనును. భజన నిలిచిపోదు గాని లయ మందగించును. గుండెలోను ఇట్లే జరుగును. పైనుండి సంకేతము దిగనిచో జఠరికలు తమంతట తామే నిమిషమునకు 30 లేక 40 పర్యాయములు కొట్టుకొనును. ఆ రక్తము మెదడునకు చాలక మనిషి ఉన్నచోటనే కూలబడును. దీనినే హార్ట్ బ్లాక్ అందురు.

ఈ సంగతులను మొదట తెలిపినది మనిషిగుండె కాదు, కప్పగుండె. 1852లో జర్మనీదేశమున రోస్టాక్ నగరమునందు హెర్మన్ స్టానియస్ అను శాస్త్రజ్ఞుడు కప్పగుండెకు రెండు దారపు ముడులు వేసి చూచెను. కప్పకు సిరాసరణి అను గది యొకటి కలదు. లయ పుట్టునది అచ్చటనే. ఆ గదికిని కర్ణికలకును నడుమ మొదటి ముడి బిగించగనే సిరాసరణి మామూలుగనే కొట్టుకొనుచుండెను, తక్కిన గుండె నిలిచిపోయెను. కర్ణికలకును జఠరికకును నడుమ రెండవ ముడి వేయగా, నిలిచిన జఠరిక తిరిగి నెమ్మదిగా కొట్టుకొన నారంభించెను. లయ ఒకచోట పుట్టి క్రిందికి దిగుననియు, దారి తెగినప్పుడు క్రిందిది తన మందలయతో తాను నడువగలదనియు ఆ రెండు ముడులు తెలిపినవి.

నేను ఉద్యోగమున చేరిన దినములలో ఈ ప్రయోగమును ప్రతి విద్యార్థియు చేయవలసి యుండెడిది. మసి పట్టించిన కాగితము చుట్టిన డోలు మెల్లగా తిరుగుచుండ, గుండెకు తగిలించిన సన్నని పుల్ల ఆ మసిమీద తెల్లగీతలు గీయుచుండెడిది. మెదడు నిర్జీవము చేయబడిన కప్ప బల్లమీద కదలక పడియుండ, దాని గుండె మాత్రము గీత వెనుక గీత గీయుచుండుట చూచి, అంతవరకు అల్లరి చేయుచున్న కుఱ్ఱవాండ్రు కూడ మౌనము వహించెడివారు. ముడి బిగించగనే గీత చదునైపోయెడిది. ఆ చదునైన గీతను చూచిన విద్యార్థికి హార్ట్ బ్లాక్ అనునది మరల చెప్పవలసిన పని లేకుండెను. ఇప్పుడు ఆ పాఠమును కంప్యూటరు తెరమీద చెప్పుచున్నారు. ఒకసారి తెలిసిన సంగతిని తెలిసికొనుటకు ఏటేట వందలకొలది కప్పలను చంపనక్కరలేదు గనుక ఆ మార్పు మంచిదే.

కప్ప తరువాత తాబేలు వచ్చినది. కేంబ్రిడ్జిలో వాల్టర్ గాస్కెల్ 1880 తరువాతి సంవత్సరములలో తాబేటి గుండెను పరీక్షించుచు, సంకేతము పోవు కండరపు దారిని కొంచెము కొంచెముగ కోసి ఇరుకు చేసెను. దారి కొంత ఇరుకైనప్పుడు రెండు సంకేతములలో ఒకటి మాత్రమే దాటుచుండెను. మఱికొంత ఇరుకైనప్పుడు ఏదియు దాటకుండెను. నేడు వైద్యులు ఈసీజీ కాగితముమీద గుర్తించు అవరోధపు మెట్లు ఈ తాబేలు చూపినవే. లయను నడపునది నరము కాదు, కండరమే యను నిర్ణయమునకు గట్టి ఆధారమిచ్చినదియు ఈ పరిశోధనయే.

క్షీరదములలో ఆ దారి ఎచ్చట నున్నదో తెలియుటకు మఱికొంత కాలము పట్టెను. యాన్ పుర్కింజె 1839లోనే గొఱ్ఱె గుండెలో ఆ తంతువులను చూచెను గాని వాటి పని యేమో ఎఱుగడు. 1893లో విల్‌హెల్మ్ హిస్ కర్ణికలను జఠరికలతో కలుపు కట్టను కనుగొనెను. జపానునుండి మార్బుర్గ్ నగరమునకు వచ్చి లుడ్విగ్ ఆషాఫ్ కడ పనిచేసిన సునావో తవారా, మనుష్యుల గుండెలను, పెక్కు జంతువుల గుండెలను పలుచని పొరలుగ కోసి ఓపికతో పరీక్షించి, నడిమి కణుపు, హిస్ కట్ట, శాఖలు, పుర్కింజె తంతువులు అన్నియు ఒకే చెట్టు కొమ్మలని 1906లో గ్రంథము ప్రకటించెను. చెట్టునకు వేరు మాత్రము మిగిలియుండెను. ఇంగ్లండులో మార్టిన్ ఫ్లాక్ అను యువ విద్యార్థికి అది భూమిలో బొరియలు త్రవ్వుకొని బ్రదుకు మోల్ అను చుంచువంటి జంతువు గుండెలో కనబడినది. అతడును, గురువగు ఆర్థర్ కీత్‌ను 1907లో సిరాకర్ణికా కణుపును లోకమునకు తెలిపిరి. ఎలుకంత ప్రాణి గుండెలో దొరకిన ఆ కణుపే మన యెదలోను ఉన్నది.

ఇచ్చట జిమ్మీ యను కుక్క ప్రస్తావన విడువరాదు. మనిషిగుండె విద్యుత్తును మొట్టమొదట 1887లో కొలిచిన అగస్టస్ వాలర్‌కు అది పెంపుడు బుల్‌డాగ్. 1909లో లండను రాయల్ సొసైటీ సభలో దాని కాళ్లను ఉప్పునీటి పాత్రలలో ఉంచి, దాని గుండె విద్యుత్తును అందరికి చూపించెను. ఇది క్రూరకృత్యము కాదాయని పార్లమెంటులో ప్రశ్న వచ్చినది. సముద్రపునీటిలో కాళ్లు తడుపుకొన్నంతమాత్రమే యని మంత్రి సమాధానము చెప్పగా సభ్యులు నవ్విరట. జిమ్మీకి నొప్పి కలుగలేదు గనుక ఆ నవ్వు చెల్లినది. తరువాత వచ్చిన కుక్కల సంగతి అట్లు నవ్వుటకు వీలైనది కాదు.

అమెరికాలో జోసెఫ్ ఎర్లాంగర్ 1906 ప్రాంతమున కుక్కగుండెలోని హిస్ కట్టకు చిన్న పట్టకఱ్ఱ బిగించి, గాస్కెల్ తాబేటిలో చూచిన మెట్లన్నియు క్షీరదములోను చూపెను. 1949లో కెనడాదేశపు టొరంటో నగరమున విల్‌ఫ్రెడ్ బిగెలో, గుండెశస్త్రచికిత్సకు అనువుగ కుక్కల శరీరమును చల్లబఱచు పద్ధతిని పరీక్షించుచుండ, ఒక కుక్కగుండె నిలిచిపోయెను. ఏమియు తోచక ఆయన చేతిలోని సాధనముతో గుండెను పొడిచెను. అది వెంటనే గట్టిగా ముడుచుకొనెను. పొడిచినప్పుడెల్ల ఒక దెబ్బ కొట్టుచుండెను. పొడుచుటకు బదులు స్వల్పవిద్యుత్తును పంపవచ్చునని తోచి, జాన్ హాప్స్ అను ఇంజనీరు 1950లో అందుకు తగిన యంత్రమును నిర్మించెను. కొన్నేండ్లకు ఆ హాప్స్‌కే పేస్‌మేకర్ అవసరమైనది.

మినియాపొలిస్ నగరమున వాల్టన్ లిల్లెహై పసిపిల్లల గుండెలలోని రంధ్రములను కుట్టుచుండెను. కుట్టు దారికి తగిలినచో సంకేతము తెగి బిడ్డ మరణించెడిది. చర్మముపైనుండి విద్యుత్తు పంపు పద్ధతిని పాల్ జోల్ 1952లోనే కనిపెట్టియుండెను గాని, ఆ బాధను పసివాండ్రు దినములతరబడి ఓర్వలేరు. అందుచేత అచ్చటి పరిశోధకులు ముందు కుక్కలలో ఆ అవరోధమును కావలెననియే కలిగించి, జఠరిక కండరమునకు సన్నని తీగ కుట్టి, అతి స్వల్పవిద్యుత్తుతో గుండెను నడపి చూచిరి. 1957 జనవరిలో ఆ తీగనే ఒక బిడ్డకు అమర్చిరి. ఆ యేడు అక్టోబరు 31న ఊరిలో విద్యుత్తు పోయినది. గోడ విద్యుత్తుపై ఆధారపడిన పిల్లల ప్రాణములకు ముప్పని గ్రహించి, ఎర్ల్ బాకెన్ అను ఇంజనీరు నాలుగు వారములలో బ్యాటరీతో నడచు చిన్న పెట్టెను తయారుచేసెను. దానిని కుక్కపై పరీక్షించిన మరునాడే అది ఒక బిడ్డ మంచముకడ పనిచేయుచుండెను.

1958 మే 7న బఫెలో నగరమున విలియమ్ చార్డాక్, విల్సన్ గ్రేట్‌బాచ్ అనువారు పూర్తిగా శరీరములోపల ఇముడు పరికరమును ఒక కుక్కలో అమర్చిరి. అది నాలుగు గంటలు పనిచేసెను. అంతట శరీరద్రవములు లోపలికి చొరబడి చెడిపోయెను. ఒంటి తడికి చెడని పూత దొరకుటకు రెండేండ్లు పట్టెను. ఆ కాలమున గ్రేట్‌బాచ్ తన చేతులతో చేసిన 50 పరికరములలో 40 జంతువులకు, 10 మాత్రమే మనుష్యులకు పోయినవి. ఈ లోపల 1958 అక్టోబరు 8న స్వీడనులో ఆకె సెన్నింగ్ 43 ఏండ్ల ఆర్నె లార్సన్‌కు రూనె ఎల్మ్‌క్విస్ట్ చేసిన పరికరమును అమర్చెను. బూటుపాలిషు డబ్బాను అచ్చుగ వాడి పోతపోసిన ఆ పరికరము కొన్ని గంటలకే ఆగిపోయెను. అయినను లార్సన్ తన జీవితమున 26 పరికరములు మార్చుకొని, తనకు ప్రాణమిచ్చిన ఆ ఇద్దరికన్న ఎక్కువకాలము జీవించి, 86వ యేట 2001లో మరణించెను.

ఈ కథనంతయు నేను ఒకప్పుడు పాఠముగ కాక, బదులుగ చెప్పవలసివచ్చినది. 2011లో మా దొడ్డమ్మ వంటయింటిలో రెండు పర్యాయములు పడిపోయెను. అప్పటి కామెకు 76 ఏండ్లు. నేను నాడి పట్టి చూచితిని, నిమిషమునకు 34. విశాఖపట్టణమునకు తీసికొనిపోగా వైద్యులు పేస్‌మేకర్ వేయవలెననిరి. ఆమె అన్నము తినుటకు ముందు కాకికి, ఆవునకు, కుక్కకు ముద్ద తీయకుండ ఏనాడును విస్తరి ముట్టినది కాదు. పంచయజ్ఞములలో భూతయజ్ఞము తనకు వంతు వచ్చిన పనియని ఆమె నమ్మకము. చికిత్సకు ముందురాత్రి నన్ను పిలిచి, "నాయనా, నువ్వు ఈ పాఠాలే చెప్పేవాడివి కదా. ఇది ముందు ఏ జీవి ఒంట్లో పెట్టి చూసేరు?" అని అడిగెను.

నేను దాచలేదు. కప్ప మొదలుకొని కుక్కలవరకు చెప్పితిని. వాటికి మత్తు ఇత్తురనియు, కాని వాటిలో పెక్కు బ్రదుకలేదనియు చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. మా తమ్ముడు నావంక కోపముగ చూచెను. ఇట్టి వేళ ఇట్టి మాటలా యని వాని భావము. తుదకామె, "అయితే ఇది అప్పన్నమాట. నేను ఒద్దంటే ఆ కుక్కలు లేచొస్తాయా? రావు. తీసుకుని, తీసుకున్నానని చెప్పుకోవాలి. చెప్పకుండా తీసుకుంటే దొంగతనం అవుతుంది" అనెను. మరునాడు చికిత్స జరిగినది. తరువాత తొమ్మిదేండ్లు ఆమె మా ఇంటి పండుగలన్నియు నడిపించెను. పరామర్శకు వచ్చినవారికెల్ల తన గుండెలోని తీగను ముందు కుక్కలు మోసినవని చెప్పెడిది. కొందరు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. ఆమె మానలేదు.

తీసికొన్నానని చెప్పుట మాత్రమే చాలునా? ఆ ప్రాణి యిచ్చిన సమాధానమును సరిగా చదువుటయు ఋణము తీర్చుటలో భాగమే. ప్రతి ప్రాణిగుండెయు మనగుండెకు అచ్చమైన ప్రతి కాదు. ఎలుకపిల్లవంటి మౌస్ గుండె నిమిషమునకు 500, 600 పర్యాయములు కొట్టుకొనును. ఒక జన్యువు చెడినప్పుడు కణుపు ఎట్లు దెబ్బతినునో అది చక్కగా చెప్పును, మందలయను గూర్చి దానిని అడిగి లాభము లేదు. పందిగుండె పరిమాణమునను, రక్తనాళముల తీరునను మన గుండెను పోలియుండును. కాని దానిలో పుర్కింజె తంతువులు గోడ లోపలిపొరనుండి ఇంచుమించు వెలిపొరవరకు చొచ్చుకొనిపోవును; మనకును కుక్కకును అవి లోపలిపొరనే అంటియుండును. కనుక జఠరికలు ఏ వరుసలో ముడుచుకొనునో తెలియుటకు కుక్క నమ్మదగిన సాక్షి, రక్తనాళము మూసికొనిన తరువాతి సంగతికి పంది నమ్మదగిన సాక్షి. 1995లో హాలండుదేశపు మాస్ట్రిఖ్ట్ నగరమున మౌరిట్స్ అలెస్సీ బృందమువారు మేకల కర్ణికలలో కృత్రిమముగ వణకు పుట్టించి నిలిపియుంచిరి. మొదట కొన్ని సెకనులలో సర్దుకొనిన వణకు, దినములు గడచినకొలది తనంతట ఆగకుండ కొనసాగెను. ఆ వ్యాధి తన్ను తానే పెంచుకొనునని వైద్యలోకమునకు తెలిపినది మేకయే. తప్పు ప్రాణిని తప్పు ప్రశ్న అడిగినచో దాని ప్రాణమును పోవును, మనకు సమాధానమును రాదు.

సమాధానము వచ్చియు వినకుండుట మఱియొక దోషము. కార్ల్ విగ్గర్స్ 1925లోనే కుక్కగుండెను జఠరికనుండి కృత్రిమముగ నడపినప్పుడు, ముడుచుకొను బలము సహజముగ నడచినప్పటికన్న తగ్గునని చూపెను. ఆనాటికి పేస్‌మేకరే లేదు. తరువాత దశాబ్దములతరబడి తీగకొనను కుడి జఠరిక అడుగున తగిలించుచు వచ్చిరి. వారిలో కొందరికి ఏండ్లు గడచినకొలది గుండె బలహీనపడెను. ఈ శతాబ్దమున, 2000 నుండి హిస్ కట్టకే తీగ తగిలించు పద్ధతియు, 2017 నుండి దాని ఎడమశాఖకు తగిలించు పద్ధతియు వచ్చి, సంకేతమును సహజమైన దారిలోనే పంపుటకు వీలు కలుగుచున్నది. విగ్గర్స్ కుక్కలు పలికిన మాట రోగులకు అక్కఱకు వచ్చుటకు ఇంచుమించు ముప్పాతిక శతాబ్దము పట్టినది.

మన దేశమున ఈ విషయమై చట్టము వచ్చుటకు మద్రాసు నగరమునకు దగ్గరి సంబంధము కలదు. కళాక్షేత్రమును స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభ సభ్యురాలై, మరుసటియేడు జంతుహింసా నివారణకు తానే ఒక బిల్లు తెచ్చిరి. ప్రభుత్వమే చట్టము చేయునని నెహ్రూగారు మాట యిచ్చుటతో దానిని ఉపసంహరించుకొనిరి. ఆ మాట 1960లో చట్టమైనది. అది ప్రయోగములను నిషేధింపలేదు. శస్త్రప్రయోగమున నొప్పి తెలియకుండ మత్తు ఇయ్యవలెననియు, చిన్నప్రాణితో తెలియుదానికి పెద్దప్రాణిని వాడరాదనియు, వేరుమార్గమున్నచోట ప్రాణి జోలికి పోరాదనియు, కేవలము చేతినేర్పుకొఱకు వీలైనంతవరకు ప్రయోగములు చేయరాదనియు నియమించినది. పర్యవేక్షణకు 1964లో ఒక సంఘమేర్పడినది. 1998లో వివరమైన నిబంధనలు వచ్చినవి. మా దొడ్డమ్మ ఈ చట్టము చదువలేదు. చదివియున్న ఆమెకు క్రొత్తగా తోచెడిది కాదేమో.

పరిశోధన నేడును ఆగలేదు. 2014లో అమెరికాలో పూర్తి అవరోధము కలిగించిన పందుల గుండెలోనికి ఒక జన్యువును చొప్పించి, మామూలు కండరకణములే కొన్నాళ్లు కణుపువలె లయ పుట్టించునట్లు చేసిరి. 2021లో, పని ముగిసిన తరువాత శరీరములోనే కరగిపోవు తాత్కాలిక పేస్‌మేకర్‌ను కుక్కలతో సహా పలు ప్రాణులలో పరీక్షించిరి. మనిషికణములనుండి ప్రయోగశాలలో పెంచిన గుండెకండరమును, కంప్యూటరు లెక్కలును కొన్ని ప్రశ్నలకు ప్రాణి అవసరము లేకుండ చేయుచున్నవి. అన్నిటికిని ఇంకను చేయలేదు.

కుక్కలకును హార్ట్ బ్లాక్ వచ్చును. 1967లో అమెరికాలో, ప్రయోగముగ కాక, జబ్బుపడిన కుక్కకు చికిత్సగ పేస్‌మేకర్ అమర్చిరి. నేడు అచ్చటి కొన్ని పశువైద్యశాలలలో, మరణించిన మనుష్యుల ఒంటినుండి తీసిన పరికరములను శుద్ధిచేసి కుక్కలకు వేయుచున్నారు. ఎవరిచే మనకు వచ్చినదో వారికే అది తిరిగి చేరుచున్నది.

మన కుటుంబములకు నేను చేయు మనవి రెండే మాటలు. ఇంటిలో పెద్దవారు కారణము లేక కూలబడినచో అది ముసలితనమని ఊరకుండక నాడి లెక్కింపుడు. 40కి తక్కువయైనచో ఆలస్యము చేయక వైద్యుని కడకు తీసికొనిపొండు. పేస్‌మేకర్ గలవారు కాలము చేసినప్పుడు, దహనమునకు ముందు ఆ సంగతి వైద్యునికి చెప్పి దానిని తప్పక తీయింపుడు. చితిలో బ్యాటరీ ప్రేలును. 2020లో మా దొడ్డమ్మ పోయినప్పుడు మేమును అట్లే తీయించితిమి. పదవనాడు బంధువులు భోజనమునకు కూర్చుండకముందు, ఆమె కోడలు ఎవరును చెప్పకయే వీధిగుమ్మమున కుక్కకు ముద్ద పెట్టి వచ్చినది.